కొట్టు గోడ మీది కాగితాలు



మీ ఊళ్ళో ఏ పాత కొట్టుకైనా వెళ్ళినప్పుడు గల్లాపెట్టె వెనక గోడ వంక ఒకసారి చూడండి. పైన దేవుడి పటం ఉంటుంది. పక్కనే ఆ కొట్టు పెట్టిన పెద్దాయన పటం, దానికో దండ. వాటి కింద అద్దాల చట్రాల్లో నాలుగైదు కాగితాలు వేలాడుతుంటాయి. వాటి మీద ముద్రలుంటాయి, సంతకాలుంటాయి, ఊదుబత్తి పొగకు పసుపెక్కిన అంచులుంటాయి. సరుకు కోసం వెళ్ళిన మనం వాటిని చదవం. కొట్టు యజమాని కూడా తనిఖీకి అధికారి వచ్చిననాడే వాటిని గుర్తు చేసుకుంటాడు.

ఈ కాగితాలు ఎక్కడినుంచి వచ్చాయి? ఎప్పుడు వచ్చాయి? ఏ కష్టాన్ని తప్పించడానికి వచ్చాయి? ఇవాళ ఆ సంగతి చెప్పుకుందాం. నేను బడిపంతులును, వకీలును కాను. కాని సరిహద్దు జిల్లాలో రెండు భాషలు వచ్చిన పంతులు దగ్గరికి జనం కాగితాలు పట్టుకుని రావడం మామూలే. "అయ్యవారూ, ఇందులో ఏముందో తెలుగులో చెప్పండి" అంటారు. అలా చదివి చెప్పగా చెప్పగా నాకు తెలిసివచ్చిన చరిత్ర ఇది.

మొదట పాత కాలానికి వెళదాం. 1800లో నిజాం నవాబు బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చింది. ఆ రోజుల్లో అంగడి పెట్టడానికి పత్రం అక్కరలేదు గాని, పన్ను మాత్రం తప్పేది కాదు. మగ్గం మీద, అంగడి మీద, గానుగ మీద వేసే పన్నును మొహతర్ఫా అనేవారు. వర్తకుల మీద వీసబడి అని మరొకటి ఉండేది. సర్కారుకు వ్యాపారితో ఉన్న సంబంధమంతా వసూలు సంబంధమే. ఇద్దరు కలిసి పొత్తు వ్యాపారం పెట్టుకుని, రేపు తగవు పడితే వాళ్ళను కాపాడే కాగితమంటూ ఏదీ లేదు. కులపెద్దలు, ఊరిపెద్దలు, నలుగురిలో ఇచ్చిన మాట, ఇవే వాళ్ళకు రక్ష.

అయితే ఒక్క పని మాత్రం మనవాళ్ళు శ్రద్ధగా చేసేవారు. లెక్క రాసేవారు. రోజు జరిగింది రోజు రాసుకునే చిట్టా, పేరుపేరునా పద్దులు ఎత్తి రాసే ఆవర్జా, ఈ రెండూ లేని కోమటి కొట్టు గాని, బలిజ సెట్టి కొట్టు గాని, సాలెవారి నూలు కొట్టు గాని ఉండేది కాదు. షోలాపూరులో స్థిరపడ్డ పద్మశాలీలు కానివ్వండి, బరంపురంలో తెలుగు వర్తకులు కానివ్వండి, మగ్గంతోపాటు, తక్కెడతోపాటు ఈ లెక్క పద్ధతిని వెంట తీసుకుపోయారు. ఊరు మారినా లెక్క మారలేదు.

ఈ చిట్టాకు కోర్టులో విలువ ఏమిటో చెప్పింది 1872 నాటి సాక్ష్య చట్టం. క్రమం తప్పకుండా రాస్తూ వచ్చిన లెక్కల పుస్తకంలోని పద్దును కోర్టు సాక్ష్యంగా చూస్తుంది. కాని ఆ పద్దు ఒక్కటే చూపించి ఎదుటివాడి మీద బాకీ మోపడానికి వీల్లేదు. దానికి తోడు మరో ఆధారం ఉండాలి. రసీదో, సంతకమో, సాక్షి మాటో కావాలి. ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చింది. అయినా ఈ సూత్రం చెక్కు చెదరలేదు. ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ఆ సెక్షనులో భాష ప్రసక్తి లేదు. కన్నడనాట కూర్చుని తెలుగులో రాసుకున్న చిట్టా కూడా చిట్టాయే. కోర్టుకు అనువాదం ఇవ్వవలసి రావచ్చు, అంతే. దాన్ని రోజూ రాశారా లేదా అన్నదే ముఖ్యం. తగవు వచ్చిన తరువాత ఒక్క రాత్రిలో కూర్చుని నింపిన పుస్తకాన్ని సిరా చూసే పట్టేస్తారు.

అదే 1872లో ఒప్పందాల చట్టం కూడా వచ్చింది. పొత్తు వ్యాపారానికి మొదటిసారి చట్టంలో ఒక అధ్యాయం దొరికింది. కాని అది చాలలేదు. ఒక వ్యాపార సంస్థలో భాగస్వాములు ఎవరెవరో బయటివాడికి తెలిసేది ఎలా? సరుకు అప్పిచ్చినవాడు బాకీ అడగబోతే, "నేను ఇందులో భాగస్వామిని కానే కాను, గుమాస్తాను" అని తప్పుకునేవాళ్ళు ఉంటారు. లాభం పంచుకునేటప్పుడు నలుగురు, నష్టం వచ్చేటప్పటికి ఒక్కడు. ఈ చిక్కు తీర్చడానికి వచ్చినదే 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం. ఇవాళ కూడా మన పొత్తు వ్యాపారాలన్నీ నడుస్తున్నది దాని కిందనే.

ఈ చట్టంలో ఒక విచిత్రం ఉంది. సంస్థను నమోదు చేయించుకోవాలని ఇది బలవంతపెట్టదు. చేయించుకోకపోతే మూల చట్టం ప్రకారం జైలూ లేదు, జుర్మానా లేదు. మరి భయమెక్కడ? 69వ సెక్షనులో ఉంది. నమోదు కాని సంస్థ, ఒప్పందం వల్ల రావలసిన హక్కు కోసం బయటివాడి మీద దావా వేయడానికి వీల్లేదు. దాని మీద మాత్రం ఎవరైనా దావా వేయవచ్చు. అంటే కోర్టులో ఆ సంస్థకు చెవులుంటాయి గాని నోరు ఉండదు. మిగిలిన చట్టమంతా 1932 అక్టోబరు 1న అమలులోకి వస్తే, ఈ ఒక్క సెక్షను మాత్రం ఏడాది ఆగి 1933 అక్టోబరు 1న వచ్చింది. ఈలోగా నమోదు చేయించుకోండని వ్యాపారులకు ఇచ్చిన గడువు అది.

ఆ గడువు ఇచ్చి 50 ఏళ్ళు దాటిన తరువాత కూడా ఆ సంగతి తెలియనివాళ్ళలో మా నాన్నగారు ఒకరు. ఆయన, ఆయన స్నేహితుడు కలిసి ఇనప సామాన్ల కొట్టు పెట్టారు. ఇద్దరికీ చుట్టరికం లేదు, అయినా "బావా" అంటే "బావా" అని పిలుచుకునేవారు. ఒకరి ఇంటి పెళ్ళికి మరొకరు పెద్దరికం చేసేవారు. పొత్తు పత్రం రాసుకుందామని ఎవరో అంటే, "మా మధ్య కాగితమేమిటి?" అని నవ్వారట. వాళ్ళిద్దరి మధ్య చివరిదాకా తగవు రాలేదు. ఆ నమ్మకం నిలబడింది. చిక్కు బయటినుంచి వచ్చింది.

పక్క ఊరి టోకు వ్యాపారి ఒకాయన వాయిదాల మీద సరుకు తీసుకుని 18,000 రూపాయలు బాకీ పడ్డాడు. 1980ల్లో అది చిన్న మొత్తం కాదు. రేపు, మాపు అని తిప్పాడు. వేరే దారి లేక దావా వేశారు. చిట్టా ఉంది, ఆవర్జా ఉంది, సరుకు అందినట్టు సంతకాలున్నాయి. అవతలి వకీలు ఒక్కటే అడిగాడు: "ఈ సంస్థ నమోదయిందా?" కాలేదు. దావా కొట్టివేశారు. అప్పుడు పరుగెత్తి నమోదు చేయిస్తే ఆ దావా బతకదు. దావా వేసిన రోజుకే నమోదై ఉండాలి. పోనీ, నమోదు చేయించి కొత్త దావా వేద్దామంటే బాకీకి కాలదోషం పట్టిందన్నారు. మా అమ్మ గాజులు కుదువ పెట్టి, ఇద్దరూ చెరి సగం నష్టం భరించారు. గోడ మీద అప్పటిదాకా దేవుడి పటం ఒక్కటే ఉండేది. ఆ ఏడాది దాని కింద మొదటి కాగితం వేలాడింది.

కాలదోషం మాట వచ్చింది కాబట్టి అదీ చెబుతాను. అమ్మిన సరుకు తాలూకు బాకీకి సాధారణంగా గడువు మూడేళ్ళు. ఆ మూడేళ్ళు దాటకముందే బాకీ ఉన్న మాట నిజమేనని ఎదుటివాడు రాసి సంతకం పెడితే, ఆ రోజునుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క మొదలవుతుంది. నోటిమాట చాలదు. మన పెద్దలు ఏటా ఖాతా సరిచూసి బాకీదారు చేత సంతకం పెట్టించుకునేవారు. అది ఉత్త ఆచారం కాదన్నమాట. దాని వెనక చట్టం తెలిసిన బుద్ధి ఉంది.

ఇక సరిహద్దు సంగతి. 1932 చట్టం బ్రిటిష్ ఇండియాలో పుట్టింది. కోలారు మైసూరు సంస్థానంలో ఉండేది. రాయచూరు, బీదరు నిజాం రాజ్యంలో ఉండేవి. అక్కడ ఎవరి చట్టాలు వారివి. స్వాతంత్ర్యం వచ్చాక 1951లో ఈ భాగస్వామ్య చట్టాన్ని ఆ ప్రాంతాలకు కూడా విస్తరింపజేశారు. అంతవరకు తుంగభద్రకు ఈ ఒడ్డున ఒక చట్టం, ఆ ఒడ్డున మరో చట్టం.

మహారాష్ట్ర శ్రోతలు ఒక మాట వినాలి. 1984లో ఆ రాష్ట్రం ఈ 69వ సెక్షనును మరింత బిగించింది. మూల చట్టం ప్రకారం నమోదు లేకపోయినా, సంస్థను రద్దు చేయమని, రద్దయిన సంస్థ లెక్కలు తేల్చమని భాగస్వామి కోర్టుకు వెళ్ళవచ్చు. మహారాష్ట్ర సవరణ ఆ తలుపు కూడా మూసింది. అంటే పొత్తులో మోసపోయినవాడు తన సొమ్ము అడగడానికి కూడా వీల్లేదు. 2009లో సుప్రీంకోర్టు ఆ ఉపసెక్షను రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టివేసింది. ఒక చట్టం ఎంతవరకు శిక్షించవచ్చో ఆ తీర్పు ఒక హద్దు గీసింది.

యానాం కథ వేరు. 1954 దాకా అది ఫ్రెంచివారి పాలనలో ఉంది. ఫ్రెంచి భారతానికి వారి చట్టసంహితలు 1819లో వచ్చాయి. వాటిలో 1807 నాటి వర్తక సంహిత ఒకటి. వర్తకుడు రోజువారీ లెక్క పుస్తకం పెట్టి తీరాలని అది శాసించింది. ఆ పుస్తకం పేజీలకు అంకెలు వేయించి, న్యాయాధికారి చేతనో, మేయరు చేతనో ముందుగానే పొడి సంతకాలు పెట్టించాలి. మధ్యలో పేజీ చింపడానికి గాని, ఖాళీ వదిలి తరువాత నింపడానికి గాని వీల్లేదు. గోదావరి ఒడ్డున ఆ చిన్న ఊళ్ళో పద్ధతి అది. దాని చుట్టూ ఉన్న బ్రిటిష్ జిల్లాలో లెక్క పుస్తకం వ్యాపారి ఇష్టం, తగవు వచ్చాకే దాని మంచిచెడ్డలు తేలేవి. 1962లో ఫ్రెంచి ప్రాంతాలు చట్టరీత్యా మన దేశంలో కలిశాక, ఆ దశకంలో భారత చట్టాలు ఒక్కొక్కటిగా అక్కడికి వచ్చాయి.

ఇప్పుడు పన్ను కాగితం దగ్గరికి వద్దాం. 1937లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం ఏర్పడింది. ఆ అక్టోబరులో సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. తరువాత చిత్తూరు, కడప, ఉత్తర ఆర్కాటు జిల్లాలకు విస్తరింపజేశారు. కల్లు, సారా మీద వచ్చే ఆదాయం పోయింది. ఆ లోటు పూడ్చడానికి 1939లో సాధారణ అమ్మకం పన్ను చట్టం తెచ్చారు. సరుకులన్నిటి మీద అలాంటి పన్ను మన దేశంలో అదే మొదటిది. హోసూరులో, చిత్తూరులో కల్లు దుకాణం మూతపడితే, ఆ పక్కనే ఉన్న కిరాణా కొట్టుకు లెక్కల బరువు పడింది. అమ్మిన ప్రతి సరుకుకూ లెక్క చూపించవలసిన అవసరం చిన్న వ్యాపారికి అక్కడ మొదలయింది. ఒరిస్సా 1947లో, మైసూరు 1948లో తమ తమ అమ్మకం పన్ను చట్టాలు చేసుకున్నాయి.

ఆ కాలంలో రాష్ట్రాల సరిహద్దులే కదిలాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి, కొరాపుట్ అటు వెళ్ళాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిననాడు బళ్ళారి మైసూరులో కలిసింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. ఆ రోజుల్లో ఒక అంగడి యజమాని స్థితి ఊహించండి. ఆయన కొట్టు అంగుళం కదలలేదు. తక్కెడ అదే, గిరాకీ అదే. కాని తెల్లవారేసరికి ఆయన పక్కా రాష్ట్రంవాడయ్యాడు. నిన్నటిదాకా పక్క తాలూకాలో ఉన్న బాకీదారు, ఇవాళ వేరే రాష్ట్రంలో ఉన్నాడు. 1956లో కేంద్ర అమ్మకం పన్ను చట్టం వచ్చింది. అప్పటినుంచి ఆ రెండు ఊళ్ళ మధ్య బేరం అంతర్రాష్ట్ర వ్యాపారం లెక్కలోకి వచ్చింది. చెక్‌పోస్టుల దగ్గర లారీలు బారులు తీరడం మనలో చాలామందికి గుర్తే. ఆ పన్ను చెక్‌పోస్టులు 2017లో వస్తు సేవల పన్ను వచ్చాక ఎత్తివేశారు.

తక్కెడ మాట అన్నాను గదా. అదీ మారింది. వీశె, మణుగు, శేరు, సోల, తవ్వ, ఇలా ఊరికో కొలతగా ఉండేది. ఒక ఊరి శేరు మరో ఊరి శేరుతో సరితూగేది కాదు. 1956లో ప్రమాణ తూనికల చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి విడతలవారీగా కిలో, లీటరు తెచ్చారు. ఇప్పుడు అమలులో ఉన్నది 2009 నాటి తూనికలు కొలతల చట్టం. తక్కెడకు, రాళ్ళకు, కరెంటు కాటాకు గడువులోగా ముద్ర వేయించాలి. ఆ ముద్ర కాగితం కూడా గోడ మీద ఉండవలసిందే.

పనివాళ్ళ కోసం పుట్టిన కాగితం మరొకటి. దుకాణంలో కుర్రాడు తెల్లవారుజామున తలుపు తీసి, అర్ధరాత్రి మూసేవాడు. సెలవంటే ఏమిటో తెలియదు. 1939లో బొంబాయి రాష్ట్రం దుకాణాల చట్టం తెచ్చింది. మద్రాసు 1947లో, ఒరిస్సా 1956లో, మైసూరు 1961లో తెచ్చాయి. పనిగంటలు, వారానికి ఒక సెలవు, జీతపు లెక్క, ఇవి చిన్న దుకాణానికి కూడా వచ్చాయి. ఎంతమంది పనివాళ్ళుంటే నమోదు కావాలి, ఎంతమంది ఉంటే సమాచారం ఇస్తే చాలు అన్నది రాష్ట్రాన్నిబట్టి వేరు, ఆ సంఖ్యలు మారుతుంటాయి. కాబట్టి మీ రాష్ట్రంలో కార్మిక శాఖవారిని అడిగి తెలుసుకోండి. ఆంధ్రాలో ఉన్న మీ బావమరిది చెప్పినది మీకు వర్తించకపోవచ్చు. ఇలా అయినవాళ్ళ మాట విని నష్టపోవడం సరిహద్దు వ్యాపారికి తరచు జరిగే పొరపాటు.

బోర్డు భాష కూడా అలాంటిదే. కర్ణాటకలో 2024 నాటి సవరణ ప్రకారం దుకాణం పేరుపలక మీద 60 శాతం కన్నడం ఉండాలి. మిగతా రాష్ట్రాల్లో కూడా ఆయా భాషలకు పెద్దపీట వేయాలని నిబంధనలున్నాయి. ఇందులో చిన్నబుచ్చుకోవలసిందేమీ లేదు. మనం ఉన్న నేల భాషకు మొదటి వరుస, మన భాషకు మిగిలిన చోటు. లోపల చిట్టా మన ఇష్టం.

ఇంతవరకు చెప్పుకున్న వ్యాపారాల్లో ఒక ప్రమాదం ఉంది. పొత్తు సంస్థ అప్పులకు ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యుడే. కొట్టు ఆస్తి చాలకపోతే ఇల్లు, పొలం కూడా పోవచ్చు. పెట్టిన పెట్టుబడి మేరకే నష్టం అన్న పరిమిత బాధ్యత మన దేశంలో 1857 కంపెనీ చట్టంతో మొదలయింది. 1913 చట్టంలో ప్రైవేటు కంపెనీ వచ్చింది. కాని ఆ లెక్కలు, ఆ ఖర్చు చిన్న వ్యాపారి మోయలేనివి. 2008లో పరిమిత బాధ్యత గల భాగస్వామ్యం అని మధ్యేమార్గం ఒకటి తెచ్చారు. 2013 కంపెనీ చట్టంలో ఒక్కరే కంపెనీ పెట్టుకునే వీలు కూడా కలిగింది. భద్రత ఎక్కువైన కొద్దీ ప్రతి ఏటా దాఖలు చేయవలసిన కాగితాలు కూడా ఎక్కువవుతాయి. ఏది మనకు తగినదో ముందే ఆలోచించుకోవాలి.

ఇక నేడు కొట్టు పెట్టదలచినవారికి ఈ చరిత్ర చెప్పే వరుస ఏమిటి? బడిలో నల్లబల్ల మీద రాసినట్టు చెబుతాను. పక్కన పెన్సిలు ఉంటే రాసుకోండి.

మొదటిది పొత్తు పత్రం. ఒంటరిగా పెడితే దీనితో పని లేదు. ఇద్దరైనా ఉంటే, తగిన స్టాంపు కాగితం మీద రాసుకోండి. ఎవరి పెట్టుబడి ఎంత, లాభనష్టాల వాటా ఎంత, బ్యాంకులో సంతకం ఎవరిది, ఒకరు పోతే ఏమిటి, ఒకరు మానుకుంటే ఏమిటి, అన్నీ అందులో ఉండాలి. ఎందుకంటారా? వాటా సంగతి ఎక్కడా తేల్చుకోకపోతే చట్టం తనంతట తాను సమానంగా పంచుతుంది. మీరు లక్ష పెట్టి, ఆయన పదివేలు పెట్టినా లాభం చెరిసగమే. భాగస్వాముల్లో ఒకరు చనిపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, సంస్థే రద్దవుతుంది.

రెండవది ఆ సంస్థను నమోదు చేయించడం. ఇది సంస్థల రిజిస్ట్రారు దగ్గర జరుగుతుంది. కర్ణాటకలో, తమిళనాట రిజిస్ట్రేషను శాఖలోని జిల్లా రిజిస్ట్రారును అడగండి. మొదటి దావా వేయవలసి వచ్చేదాకా ఆగకండి.

మూడవది బ్యాంకు ఖాతా, పాన్ కార్డు. పొత్తు సంస్థకు దాని పేరనే పాన్ తీసుకోవాలి. ఇంటి డబ్బు, కొట్టు డబ్బు ఒకే డబ్బాలో వేయకండి.

నాలుగవది స్థానిక అనుమతులు. పురపాలక సంఘం లేదా పంచాయతీ లైసెన్సు, దుకాణాల చట్టం కింద నమోదు, కాటా ముద్ర తీసుకోవాలి. తినే వస్తువులైతే 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద నమోదో, లైసెన్సో కావాలి. బజ్జీల బండికైనా ఇది తప్పదు.

అయిదవది వస్తు సేవల పన్ను. సరుకులు మాత్రమే అమ్మేవారికి కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రల్లో ఏడాది అమ్మకాలు 40 లక్షల రూపాయలు దాటితే నమోదు తప్పదు. యానాం పుదుచ్చేరిలో భాగం కనుక అక్కడ ఆ హద్దు 20 లక్షలే. కాని సరిహద్దువాళ్ళు జాగ్రత్తగా వినవలసిన మాట మరొకటి ఉంది. పన్ను పడే సరుకును మీరు పక్క రాష్ట్రానికి అమ్మి పంపితే, కొన్ని మినహాయింపులు తప్ప, ఈ 40 లక్షల హద్దు మీకు వర్తించదు. వెయ్యి రూపాయల సరుకైనా ముందుగా నమోదు కావాలి. అవతలి ఊరివాళ్ళు మీ కొట్టుకే వచ్చి సరుకు కొనుక్కుపోవడం ఒక లెక్క, మీరు బండి మీద పంపడం మరో లెక్క. ఎల్లకు నాలుగు మైళ్ళ లోపల ఉన్నవాళ్ళకు ఈ తేడా తెలియకపోతే ఎలా?

ఆరవది ఉద్యమ్ నమోదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం కింద 2020 జూలై 1 నుంచి ఇది జరుగుతోంది. దీనికి సర్కారు రుసుము ఏమీ లేదు. డబ్బు అడిగే దళారులను నమ్మకండి. సరుకు తయారుచేసే, సేవలందించే సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ చట్టం ఒక అండ ఇచ్చింది. సరుకు తీసుకున్నవాడు 45 రోజులకు మించి గడువు పెట్టుకోరాదు. పెట్టుకున్న గడువు దాటితే చక్రవడ్డీ కట్టాలి. మా నాన్నగారి కాలంలో ఇలాంటి అండ లేదు.

పెట్టడం అయింది. నిలబెట్టుకోవడం అసలు పని. రోజూ చిట్టా రాయండి. ప్రతి అమ్మకానికీ బిల్లు ఇవ్వండి. వస్తు సేవల పన్నులో నమోదైతే, అమ్మకం లేని నెలకు కూడా సున్నా లెక్క దాఖలు చేయాలి. చేయకపోతే ఆలస్య రుసుము పెరుగుతూ పోతుంది. ప్రతి లైసెన్సు గడువు తేదీని గోడ క్యాలెండరు మీద ఎర్రసిరాతో గుర్తు పెట్టుకోండి.

మార్పు జరిగితే చెప్పండి. ఇది చాలామంది మరచిపోయే మెట్టు. నమోదైన సంస్థలోంచి ఒక భాగస్వామి బయటికి వస్తే రిజిస్ట్రారుకు తెలపాలి, గెజెట్‌లోను, ఆ జిల్లాలో చలామణిలో ఉన్న ఒక దేశభాషా పత్రికలోను ప్రకటించాలి. ప్రకటించకపోతే, మీరు మానుకున్నాక ఆ సంస్థ చేసిన అప్పుకు కూడా మిమ్మల్ని పట్టుకోవచ్చు. "నేను ఎప్పుడో మానేశానండీ" అంటే చెల్లదు.

పంతులుగా మరొక మాట చెప్పాలి. చదువుకునే పిల్లల పేరు పొత్తు లాభాల్లో చేర్చడం చాలా ఇళ్ళల్లో ఉంది. దానికి చట్టం ఒప్పుకుంటుంది. కాని ఆ పిల్లవాడికి 18 ఏళ్ళు నిండి, ఆ సంగతి తెలిశాక ఆరు నెలల్లో తాను భాగస్వామిగా ఉంటానో, ఉండనో ప్రకటించాలి. నోరు మెదపకపోతే భాగస్వామి అయినట్టే. మొదట అతన్ని చేర్చుకున్న నాటినుంచి ఆ సంస్థ చేసిన అప్పులన్నిటికీ బాధ్యుడవుతాడు. కాలేజీలో చేరిన కుర్రాడి తల మీదికి వాడికి తెలియకుండానే అప్పు రావడం న్యాయమా? పుట్టినరోజు నాడు కొత్త బట్టలతోపాటు ఈ కాగితం కూడా గుర్తుంచుకోండి.

చివరకు మూసేయవలసి వస్తే, తలుపుకు తాళం వేసినంత మాత్రాన కొట్టు మూసినట్టు కాదు. పన్ను నమోదు రద్దు చేయించాలి, ఆఖరి లెక్క దాఖలు చేయాలి, రిజిస్ట్రారుకు తెలపాలి, లైసెన్సులు అప్పగించాలి. పెట్టిన రోజు ఎన్ని మెట్లు ఎక్కామో, మూసిన రోజు అన్ని మెట్లు దిగాలి.

శ్రోతలారా, ఈ కాగితాలలో కొన్ని సర్కారు ఖజానా కోసం పుట్టాయి. కొన్ని కొట్టులో పనిచేసే కుర్రాడి కోసం, కొన్ని కొనేవాడు తూకంలో మోసపోకుండా ఉండడం కోసం పుట్టాయి. 69వ సెక్షను కాగితం మాత్రం మీ కోసం పుట్టింది. తీసుకోమని ఎవరూ మీ తలుపు తట్టరు. తీసుకోకపోతే ఎవరూ అడగరు. అడిగే రోజు వచ్చేసరికి ఆలస్యమవుతుంది.

మా నాన్నగారి కొట్టు ఇప్పుడు ఆయన స్నేహితుడి మనవడు నడుపుతున్నాడు. బాకీ పడ్డాయన పేరు ఆ రోజుల ఆవర్జాలో ఇంకా ఉంది, కొట్టివేయలేదు. మొన్న వెళితే ఆ అబ్బాయి గోడ మీది చట్రం తుడుస్తూ, "పెదనాన్నా, ఇది పాతబడింది, తీసేయనా?" అని అడిగాడు. "రెండు కుటుంబాల వాళ్ళు గాజులు కుదువ పెట్టి కొన్న కాగితం నాయనా, ఉండనీ" అన్నాను.